పుస్తకాల బీరువా తాళం తియ్యండి: బడి యాజమాన్యానికీ, తోటి తల్లిదండ్రులకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన కరస్పాండెంట్ గారికి, హెడ్మాస్టర్ గారికి, యాజమాన్య కమిటీ సభ్యులకు, ఫిర్యాదు చేసినవాళ్లూ చెయ్యనివాళ్లూ అయిన తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మా అమ్మాయి మీ బడిలో ఎనిమిదో తరగతి. నేను అమలాపురంలో ఇంటి దగ్గరే ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునే మనిషిని. బాలల దినోత్సవం వెళ్లిన కొద్ది రోజులకే మేం కొందరం తల్లులం ఒక వినతిపత్రం రాసి తెచ్చి ఆఫీసులో ఇచ్చాం. అందినట్టు సంతకం పెట్టమంటే "సార్ వచ్చాక చూద్దామండీ" అన్నారు. సార్ వచ్చారు, వెళ్లారు, మళ్లీ వచ్చారు. సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయి. చూడటం మాత్రం కాలేదు. మీ బడి మంచి బడి, ఎయిడెడ్ బళ్లలో పేరున్న బడి, అందుకే పిల్లల్ని చేర్చాం. ఇక విషయానికి వస్తాను.

గ్రంథాలయ వారోత్సవాల్లో లైబ్రరీ చూసే టీచరు గారు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి, నార్నియా అనే మాయలోకం గురించిన ఇంగ్లీషు పిల్లల పుస్తకాల మీద తీసిన మొదటి సినిమా వేశారు. 2005లో వచ్చిన సినిమా అది. సగం దాటాక ఎవరో తండ్రి గారు ఫోన్ చేశారు, బడిలో క్రైస్తవ మతప్రచారం జరుగుతోందని. ప్రొజెక్టర్ ఆపేశారు. అది తెలిసి రెండో వైపు నుంచి ఇంకో ఫిర్యాదు వచ్చింది: ఇది ఆపినప్పుడు హ్యారీ పోటర్ పుస్తకాలు కూడా తీసెయ్యాలి, అవి చేతబడి నేర్పుతాయి, దేవుడికి విరోధం అని. ఇంతలో వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది, గోల్డెన్ కంపాస్ అనే పుస్తకం పిల్లల్ని నాస్తికుల్ని చేస్తుందని. మీరు ముగ్గురి మాటా విన్నారు. బీరువాకు తాళం వేశారు, టీచరు గారికి మెమో ఇచ్చారు.

ఆ బీరువాలో ఏముందో కమిటీలో ఎవరైనా చూశారా? పై అరలో, అమెరికాలో స్థిరపడిన పూర్వ విద్యార్థి ఒకాయన పంపిన ఇంగ్లీషు పుస్తకాలు. కింద అరల్లో చందమామ బైండులు, పిల్లల బొమ్మల భాగవతం, బైబిలు కథలు, పంచతంత్రం. తాళం అన్నిటికీ కలిపి ఒకటే. భక్తిని కాపాడదామని వేసిన తాళం లోపల ఇప్పుడు ప్రహ్లాదుడూ ఉన్నాడు, దావీదూ ఉన్నాడు.

ఫిర్యాదుల్లో అసలేమీ లేదని నేను అనను. ఒక్కొక్కటీ తీసుకుని నాకు తెలిసింది చెబుతాను.

1. నార్నియాలో క్రైస్తవం ఉంది. ఉందనడంలో గుట్టేమీ లేదు. రాసిన సి.ఎస్. లూయిస్ ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం చెప్పినవాడు. కుర్రతనంలో దేవుణ్ణి వదిలేసి 1931లో మళ్లీ క్రైస్తవంలోకి వచ్చాడు. మొదటి పుస్తకం 1950లో, ఏడోది 1956లో వచ్చాయి. నార్నియా లాంటి లోకం ఒకటి ఉండి, దేవుడి కుమారుడు అక్కడికి సింహం రూపంలో వెళ్లాల్సి వస్తే ఎలా ఉంటుంది అని ఊహించి రాశానని ఆయనే చెప్పుకున్నాడు. సినిమా వచ్చినప్పుడు అమెరికాలో డిస్నీ వాళ్లు చర్చిల ద్వారా ప్రత్యేకంగా ప్రచారం కూడా చేసుకున్నారు. కాబట్టి ఫోన్ చేసిన తండ్రి గారు అబద్ధమాడలేదు.

కానీ అదే కథలో గ్రీకు పురాణాల మేకకాళ్ల మనుషులున్నారు, గుర్రపు ఒంటి మనుషులున్నారు, క్రిస్మస్ తాత ఉన్నాడు, రెండో పుస్తకంలో గ్రీకుల మద్యదేవుడు కూడా వస్తాడు. ఈ కలగూరగంప లూయిస్ స్నేహితుడు, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్‌కే నచ్చలేదు. ఆ టోల్కీన్ పరమ కాథలిక్కు, లూయిస్‌ను మళ్లీ మతంలోకి తెచ్చినవాళ్లలో ఒకడు! పిల్లలు అందులోంచి ఏం తీసుకుంటారన్నది వాళ్లు ఇంటి దగ్గర ఏం విని పెరిగారన్నదాన్ని బట్టి ఉంటుంది.

సినిమా ఆపిన చోటు గురించి కూడా చెప్పాలి. మంత్రగత్తె మనుషులు సింహాన్ని కట్టేసి, జూలు గొరిగి, రాతి బల్ల మీదికి ఈడ్చారు. ఆమె కత్తి ఎత్తింది. మీ ప్రొజెక్టర్ అక్కడ ఆగింది. తెల్లవారేసరికి ఆ బల్ల పగిలి సింహం మళ్లీ లేచి వస్తుంది, అది మన పిల్లలు చూళ్లేదు. ఆ సాయంత్రం ట్యూషన్‌కు వచ్చిన ఆరో తరగతి కుర్రాడు బ్యాగు కూడా దించకుండా "సింహం చచ్చిపోయిందాండీ?" అని అడిగాడు. నేను నోరు విప్పేలోగా, అంతర్వేదిలో అమ్మమ్మగారిల్లు ఉన్న పిల్ల ఒకతె అందుకుంది: "నరసింహస్వామికి ఏమవుద్దిరా, లేచి అందర్నీ చీల్చేస్తాడు." చర్చికి వెళ్లే ఇంటి పిల్ల "కాదు, మూడో రోజున లేస్తాడు" అంది. కాసేపు వాదించుకున్నారు, హోంవర్కు తీశారు. ఆ ముగ్గురిలో ఎవరి మతమూ మారలేదు.

నిజంగా అభ్యంతరం చెప్పదలిస్తే ఏడో పుస్తకం చదివి చెప్పాలి. అందులో తూర్పు దేశం వాళ్లలా, నల్లటి ఒంటి రంగుతో చూపించిన ఒక జాతి ఉంటుంది. వాళ్లు కొలిచే దేవుడికి రాబందు తల, నాలుగు చేతులు. అతన్ని రాక్షసుడిలా రాశాడు లూయిస్. నాలుగు చేతుల దేవుళ్లకు రోజూ దణ్ణం పెట్టుకునే మనకు అది చదివితే మనసు చివుక్కుమంటుంది, నాకూ అనిపించింది. అక్కడే ఇంకోటి ఉంది. ఆ దేవుణ్ణి నిజాయితీగా కొలిచిన ఒక కుర్ర సైనికుణ్ణి సింహం దగ్గరికి తీసుకుంటుంది, నువ్వు చేసిన మంచి ఎవరి పేరున చేసినా నాకే చేరిందని చెబుతుంది. ఇది కొంతమంది గట్టి క్రైస్తవులకు గిట్టదు. ఇన్ని సంగతులున్న పుస్తకాన్ని ఎనిమిదో తరగతిలో ఒక మంచి టీచరు పిల్లల చేత చదివించి మాట్లాడిస్తే ఎంత బావుండేది! ఫిర్యాదు చేసినవాళ్లెవరూ అంతవరకూ వెళ్లలేదు. సినిమా కూడా ఒక ఫోన్ కాల్ దగ్గరే ఆగిపోయింది.

2. హ్యారీ పోటర్ మీద ఫిర్యాదు కొత్తదేం కాదు. 1997 నుంచి 2007 దాకా వచ్చిన ఈ ఏడు పుస్తకాల మీదే 2000 నుంచి 2009 వరకు అమెరికా లైబ్రరీల్లో అందరికంటే ఎక్కువ అభ్యంతరాలు వచ్చాయని అక్కడి గ్రంథాలయ సంఘం జాబితా చెబుతుంది. 2019లో అమెరికాలోని నాష్విల్‌లో ఒక కాథలిక్ బడి లైబ్రరీ నుంచి వీటిని తీసేశారు. ఆ మంత్రాలు పైకి చదివితే దుష్టశక్తులు వస్తాయని అక్కడి ఫాదరు గారి భయం. కానీ చివరి పుస్తకంలో హ్యారీ తన అమ్మానాన్నల సమాధి దగ్గరికి వెళ్తాడు. ఆ రాతి మీద చెక్కిన మాట, చిట్టచివరికి నాశనమయ్యే శత్రువు మరణమేనన్నది, మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయంలోది. అదే శ్మశానంలో ఇంకో సమాధి మీద మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని మాట ఉంటుంది. దేవుడికి విరోధమన్న పుస్తకంలో కథకు ఆయువుపట్టు లాంటి చోట బైబిలు వాక్యం పెట్టింది రచయిత్రి.

మంత్రాల సంగతంటారా, 1951లో పాతాళభైరవి వచ్చింది. నేపాళ మాంత్రికుడు అమ్మవారికి బలి ఇవ్వడానికి కుర్రాణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. మన తాతలు చూశారు, మనం చూశాం, టీవీలో వస్తే ఇప్పటికీ ఛానల్ మార్చం. కోనసీమలో ఎంతమంది మాంత్రికులయ్యారో లెక్క చెబితే వింటాను.

3. గోల్డెన్ కంపాస్ విషయంలో ఫార్వర్డ్ చేసినాయన సగం నిజం చెప్పారు. రాసిన ఫిలిప్ పుల్‌మన్ నాస్తికుడు, ఆ మాట ఆయన దాచుకోలేదు. నార్నియా అంటే ఆయనకు పడదు, 1998లో పత్రికలోనే తిట్టిపోశాడు. గోల్డెన్ కంపాస్ మొదటి భాగంగా తన మూడు పుస్తకాలు 1995, 1997, 2000లో వచ్చాయి. వాటిలో పెత్తనం చేసే మతసంస్థే విలన్. 2007లో సినిమా తీసినప్పుడు గొడవవుతుందని చర్చి ఊసు వీలైనంత చెరిపేశారు. అయినా అమెరికాలో ఒక కాథలిక్ సంస్థ బహిష్కరించమంది. పుస్తకం ఇష్టపడినవాళ్లేమో ప్రాణం తీసేశారని తిట్టారు. మిగతా రెండు భాగాలు సినిమాలుగా రానేలేదు. తర్వాత 2019 నుంచి 2022 వరకు టీవీ సిరీస్‌గా మూడు పుస్తకాల కథా తీశారు. అందరికీ నచ్చేలా దేవుణ్ణి కత్తిరిస్తే ఎవరికీ నచ్చకుండా పోయింది. 1962 నాటి ఎ రింకిల్ ఇన్ టైమ్ అనే పిల్లల పుస్తకాన్ని 2018లో సినిమా తీసినప్పుడు కూడా అందులోని బైబిలు మాటలు తీసేశారు, ఆ సినిమా కూడా నిలబడలేదు.

మీరు గమనించాల్సింది ఇంకోటుంది. 2004లో, అప్పటి ఆంగ్లికన్ చర్చి పెద్ద, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ రోవన్ విలియమ్స్, ఈ పుల్‌మన్‌తోనే లండన్ నేషనల్ థియేటర్లో జనం ముందు కూర్చుని చర్చించాడు. బళ్లలో మతం గురించి చెప్పే క్లాసుల్లో ఈ పుస్తకాలు చదివించవచ్చని కూడా అన్నాడు. తన మతాన్ని విమర్శించే పుస్తకాన్ని ఆ మతాధిపతే క్లాసులో పెట్టమంటుంటే, మన కమిటీ మొదటి భాగాన్ని కూడా బీరువాలోంచి బయటికి రానివ్వడం లేదు. ఇంతకీ మన బడికి వచ్చింది ఆ మొదటి భాగం ఒక్కటే, అందులో ఫార్వర్డ్‌లో భయపెట్టిన, దేవుడు చనిపోయే ఘట్టం లేనే లేదు.

ఇక మన సంగతి. మాయాబజార్ 1957లో వచ్చింది. శశిరేఖ, ఆమె పెళ్లి, వ్యాసుడి భారతంలో లేవు. మన పిల్లలు సగం మంది అది భారతమే అనుకుంటున్నారు, పెద్దల్లో కూడా చాలామందికి తెలియదు. మా నాన్నగారికి చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా ఘటోత్కచుడి మీద ఎవరూ ఫిర్యాదు పెట్టలేదు. దేవుళ్లతో ఆడుకుంటూ కథలు కట్టుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కనుమ నాడు పదకొండు ఊళ్ల నుంచి రుద్రులు జగ్గన్నతోటకు వచ్చి లోకం బాగు గురించి మాట్లాడుకుంటారని చెబితే, ఆ రుద్రుల్ని మోసుకొచ్చే ప్రభలు వరిచేలు తొక్కుకుంటూ కాలువలో దిగి వస్తుంటే, పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. చూసేవాళ్లలో చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలూ ఉంటారు. బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1836లో వచ్చి, తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డారు. అప్పటి నుంచీ ఈ డెల్టాలో గుడీ చర్చీ పక్కపక్కనే ఉన్నాయి. మన పిల్లలకు ఇంకొకరి దేవుడి కథ వినడం కొత్త కాదు.

ఇప్పుడు ఈ తాళం వల్ల ఎవరికి నష్టమో చెబుతాను. ఫిర్యాదు చేసినవాళ్ల పిల్లలకు మాత్రం కాదు.

1. కొనుక్కోగలిగిన ఇళ్లకు ఫోన్లో ఆర్డర్ పెడితే మూడో రోజుకి పుస్తకం వస్తుంది. లంక ఊళ్ల నుంచి పంటు మీద ఏరు దాటి వచ్చే పిల్లలకు, కొబ్బరి దింపు పనికీ పీచు ఫ్యాక్టరీకీ వెళ్లే ఇళ్ల పిల్లలకు బడి బీరువా తప్ప ఇంకో దారి లేదు. మా వీధిలో పనిచేసే ఆమె కూతురు హ్యారీ పోటర్ రెండో పుస్తకం మధ్యలో ఆగిపోయింది. ఇంట్లో మొదటిసారి ఇంగ్లీషు పుస్తకం చదువుతున్న పిల్ల అది. గైడు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ భాష దానికి మార్కుల సబ్జెక్టుగానే మిగిలిపోతుంది.

2. బడిలో ఆపేస్తే పిల్లలు చూడరనుకోకండి. ఆ రాత్రే మగపిల్లలు కొందరు ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూశారు. కింద కామెంట్లలో ఒకరి మతాన్ని ఒకరు తిట్టుకునేవన్నీ చదివి వచ్చారు. టీచరు గారు పక్కనుండి చెప్పే అవకాశం మీరే పోగొట్టారు.

3. మెమో అందుకున్న టీచరు గారు ఇప్పుడు కథ చెప్పాలంటేనే భయపడుతున్నారు. లైబ్రరీ పీరియడ్‌లో లెక్కలు చేయిస్తున్నారు. తప్పు ఆమెది కాదు. ఉద్యోగం టెన్షన్ ఎవరికుండదు?

4. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇది. తాళం వేశాక తరగతిలో పిల్లలు, "మీవాళ్ల వల్లే సినిమా ఆగింది", "మీవాళ్ల వల్లే పుస్తకాలు పోయాయి" అనుకోవడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆ తరగతిలో 'మీవాళ్లు' అన్న మాట క్రికెట్ టీముల దగ్గరే వినపడేది. ఇది నార్నియా నేర్పలేదు, హ్యారీ పోటర్ నేర్పలేదు.

రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం, ప్రభుత్వ సాయం తీసుకునే బడిలో మతబోధనకు పిల్లల్ని పెద్దల అనుమతి లేకుండా కూర్చోబెట్టకూడదు. అది మంచి నియమం, నేను దాని పక్షానే ఉన్నాను. సినిమా అయ్యాక ఏ టీచరైనా లేచి "చూశారా, ఈ సింహమే నిజమైన దేవుడు" అంటే మొదట ఫిర్యాదు చేసేది నేనే. "ఇదంతా పరాయి మతం, నమ్మకండి" అన్నా అంతే. కానీ కథ చదవడం మతబోధన అయితే ప్రహ్లాదుడి పాఠం కూడా తీసెయ్యాలి, పాఠ్యపుస్తకాలు సగానికి తగ్గిపోతాయి.

మేం కోరుతున్నవి:

1. సంక్రాంతి సెలవులు ఇచ్చేలోగా బీరువా తాళం తియ్యండి. పండగకి పిల్లలకు ఒక్కో పుస్తకం ఇంటికివ్వండి.

2. టీచరు గారికిచ్చిన మెమో వెనక్కి తీసుకోండి, రాతపూర్వకంగా.

3. ఇకమీదట పుస్తకం మీద అభ్యంతరం ఉంటే కాగితం మీద, పేరుతో, ఏ పుస్తకం ఏ పేజీ అన్నది రాసి ఇవ్వాలని రూలు పెట్టండి. చదివామని సంతకం కూడా తీసుకోండి. ఫోన్ కాల్, ఫార్వర్డ్ లెక్కలోకి రాకూడదు. అభ్యంతరం తేలేవరకు పుస్తకం అరలోనే ఉండాలి.

4. ఏ తల్లి అయినా తండ్రి అయినా తమ బిడ్డకు ఫలానా పుస్తకం వద్దంటే ఆ మాట వినండి, రిజిస్టర్‌లో రాసుకోండి. నా బిడ్డకు కూడా వద్దనే హక్కు వాళ్లకు లేదు.

5. సినిమా వేసే ముందు వారం రోజులు ముందుగా డైరీలో రాసి పంపండి, అందులో ఫలానా మతం నేపథ్యం ఉందని కూడా రాయండి. ఇష్టం లేని పిల్లలకు ఆ గంట వేరే పని ఇవ్వండి. మొదలుపెట్టిన సినిమా పూర్తిగా వెయ్యండి. వీలైతే ఆ పుస్తకంలోంచి ఒక అధ్యాయం ముందే చదివించండి, సినిమా వాళ్లు ఏం మార్చారో పిల్లలే పట్టుకుంటారు.

6. ఫిర్యాదు చేసిన రెండు వైపుల పెద్దల్నీ ఒక శనివారం మధ్యాహ్నం బడికి పిలవండి. నేనూ వస్తాను. ఏడో నార్నియా పుస్తకంలో ఆ కుర్ర సైనికుడి ఘట్టం తెలుగులో చదివి వినిపిస్తాను, తర్వాత అందరం మాట్లాడుకుందాం. కాఫీ ఖర్చు మాది.

గ్రంథాలయోద్యమ పితామహుడని మనం దండలు వేసే అయ్యంకి వెంకటరమణయ్య గారు మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలోనే, కొంకుదురులో పుట్టారు. ఏటా వారోత్సవాల్లో ఆయన పటం మీ హాల్లోనే పెడతారు. ఈసారి ఆ పటం ముందే ప్రొజెక్టర్ ఆపారు.

ఈ లేఖ ప్రతి ఒకటి మండల విద్యాశాఖాధికారి గారికి ఇస్తున్నాం. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే సెలవులు అయిపోయిన మొదటి సోమవారం తల్లులం అందరం బడి ఆఫీసుకు వస్తాం. ఈసారి అందినట్టు సంతకం పెట్టేవరకు కూర్చుంటాం.

ఇట్లు,
ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, మరికొందరు తల్లిదండ్రులు
అమలాపురం